మూడో కేక

మల్లాడి లంక రేవు పేరు చీకటి పడ్డాక ఎత్తకూడదంటారండి మా వైపు. అయినా ఎత్తుతున్నాను. స్వామివారికి హారతి అయిపోయింది, అందరి చేతుల్లోనూ ప్రసాదం ఉంది, ఇంతమందిమి ఒక్కచోట కూర్చున్నాం. అప్పటికీ భయమేస్తే పక్కవాళ్ల చెయ్యి పట్టుకోండి. పట్టుకునే ముందు అది ఎవరి చెయ్యో మాత్రం ఒకసారి చూసుకోండి.

పి.గన్నవరం అక్విడక్టు దాటి వైనతేయ పాయ వెంబడి దిగువకు వస్తే, గట్టు మీంచి ఏటిలోకి ఒక మట్టిబాట దిగుతుంది. ఇవతల ఒడ్డున త్రిమూర్తులు గారి పాక, పాక ముందు కట్టేసిన నాటు పడవ. అవతల ఏటి నడుమ లంక. లంక నిండా అరటితోటలు, మధ్యలో పది పదిహేను గడపలు. వంతెన లేదు. పగలంతా త్రిమూర్తులు గారే వెదురు గెడ వేసుకుంటూ మనుషుల్ని అటూ ఇటూ దాటిస్తూ ఉంటారు.

పొద్దుగూకితే మాత్రం ఆ రేవు రేవు కాదండి.

అవతలి ఒడ్డు నుంచి ఒక ఆడగొంతు పిలుస్తుంది.

"ఓ... పడవ మావయ్యో..."

కాసేపు ఏమీ ఉండదు. నీళ్లు ఒడ్డుకి తగిలే చప్పుడు. మళ్ళీ —

"ఓ... పడవ మావయ్యో..."

అంతే. రెండే. మూడోది ఉండదు.

మా ఊళ్లో బుజ్జిబాబని ఒక మహావీరుడున్నాడు. "దెయ్యమైతే ఏంట్రా, ఆధార్ కార్డు చూపించమంటాను" అని సెంటర్లో పందెం కాసి రేవుకి వెళ్లేడు. మొదటి పిలుపుకి నిలబడ్డాడట. రెండోదానికి మోటార్ సైకిల్ అక్కడే వదిలేసి గట్టెక్కేశాడు. తెల్లారి బండి తేవడానికి కూడా తను వెళ్లలేదు, బావమరిదిని పంపించేడు. చెప్పులు కూడా అక్కడే ఉంటాయి, చూసి తెమ్మన్నాడట.

నవ్వండి, నవ్వండి. ఇప్పుడే నవ్వేయండి. తరవాత కుదరదు.

ఆ రెండు పిలుపులు ఎందుకంత భయమో చెప్పాలి. మా పాయల మీద పడవ వేసేవాళ్లకి ఒక పద్ధతి ఉందండి, తాతల నాటిది. రాత్రిపూట అవతల నుంచి ఎవరు కేకేసినా సరే, మూడో కేక దాకా పడవ కట్టు విప్పరు. దెయ్యానికి రెండు పిలుపుల వరకే శక్తి, మూడోది పిలవగలిగేది మనిషేనని నమ్మకం. లంకలో పుట్టిన పిల్లలకి నడకతోపాటు ఇదీ నేర్పుతారు. రాత్రి పడవ కావాలంటే మూడుసార్లు పిలవాలి. అటువాళ్లు మూడు పిలిచేవారు, ఇటువాళ్లు మూడు లెక్కపెట్టుకుని వెళ్లేవారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

తరవాత సెల్లులొచ్చేయి. పడవ కావాలంటే త్రిమూర్తులు గారికి ఒక ఫోను. నోటితో కేకేసేవాళ్లే లేకుండా పోయేరు. అలా కేకలు చచ్చిపోయిన రేవులో, ఏదో ఒక రాత్రి ఒక కేక వినబడిందనుకోండి...

ఎవరిదనుకుంటారు?

మా నాగబాబు నాకు మేనల్లుడి వరస. రావులపాలెం మార్కెట్లో అరటి గెలల వ్యాపారం. ఈ వేసవిలోనే వాడికి జరిగింది. వాడు నాకు చెప్పినట్టే చెబుతాను. స్వామి సన్నిధిలో ఉన్నాను, ఒక్క మాట కలపను.

మొదటి రోజు వాడు లంకలో తోటలు చూసుకుని, ఆఖరి పడవకి ఇవతలికి వచ్చేడు. వాడి వ్యాను ఇంకా రాలేదు. త్రిమూర్తులు గారి పాకలో కూర్చున్నాడు. ఆయన భార్య మంగాయమ్మ గారు టీ గ్లాసు చేతికిచ్చి, ఎందుకో గబగబా గట్టెక్కి ఇంటికి వెళ్లిపోయేరు. పాక గుంజకి ఒక చిన్న బల్బు. ఆ వెలుతురులో త్రిమూర్తులు గారు గెడ భుజానికి ఆనించుకుని ఏటి వైపే చూస్తూ కూర్చున్నారు.

"ఏవండీ, పడవ కట్టేసేరుగా. గెడ ఇంకా వదలరేటండీ? ఇంట్లోకి రానివ్వనన్నారా మంగాయమ్మ గారు?" అని నాగబాబు ఎటకారమాడేడు.

"రానిస్తుంది బాబూ. నేనే వెళ్లను."

"ఏం?"

"పిలుస్తుంది..."

ఎవరని అడగబోయేడు. అడగలేదు. అప్పుడే వినబడింది.

"ఓ... పడవ మావయ్యో..."

త్రిమూర్తులు గారు కుడిచెయ్యి మోకాలి మీద పెట్టి చూపుడువేలు మడిచేరు. నాగబాబు చేతిలో టీ గ్లాసు కదల్లేదు. రెండో పిలుపొచ్చింది. మధ్యవేలు మడిచేరు. తరవాత... ఉంగరపు వేలు అలాగే నిలబెట్టి ఉంచేరు. చాలాసేపు అలాగే ఉంచేరు. పాయ మీద గాలి తప్ప ఏమీ రాలేదు.

"సాయిదుర్గండి," అన్నారాయన. "లంకలో కామాక్షమ్మ కూతురు. నిరుడు ఇదే వేసవి... మీరు వినే ఉంటారు."

విన్నాడు. పందొమ్మిదేళ్ల పిల్ల, ఏట్లో పోయిందని.

"గాలివానకి స్తంభాలు పడిపోయి మూడు రోజులుగా కరెంటు లేదండి. ఎవరి ఫోనూ పనిచెయ్యట్లేదు. వాళ్లమ్మకి ఆయాసం ఎత్తింది. మందు కోసం బయల్దేరింది పిల్ల. నేను ఇదిగో, ఇక్కడే కూర్చున్నాను. మొదటిది విన్నాను. రెండోది విన్నాను. లేచి గెడ పట్టుకున్నాను కూడా. మూడోది రావాలి గదా అని నిలబడ్డాను."

"రాలేదా?"

"రాలేదండి. ఏళ్ల తరబడి కేకే లేని రేవు. మనిషి కాదనుకున్నాను. గోదారమ్మకి దణ్ణం పెట్టుకుని... దుప్పటి కప్పుకున్నానండి."

ఆ తరవాతేం జరిగిందో నేను చెబుతాను. వేసవిలో ఏరు తగ్గితే లంకవాళ్లు కాలినడకన దాటే దారి ఒకటుంది. మోకాలి లోతు. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నడిచిన దారి. తల్లికి ఊపిరాడటం లేదు. పడవ కదల్లేదు. మూడోసారి పిలిచి నిలబడే ఓపిక ఎక్కడిది? దిగిపోయింది. కానీ ఆ వారంలోనే రాత్రుళ్లు ఎవరో మిషన్లు దింపి అక్కడి ఇసుక తవ్వుకుపోయేరు. మోకాలి లోతు ఉండాల్సిన చోట తాటిచెట్టంత గొయ్యి. పైన నీళ్లు మాత్రం ఎప్పట్లాగే నిదానంగా ఉన్నాయి.

తెల్లారేక అందరూ "గోదారి మింగేసింది" అన్నారు. అమ్మండి గోదారి. మనం నెత్తిన చల్లుకునే నీళ్లు. నోరు లేదు గనక ఏ నింద వేసినా మోస్తుంది. మిషన్ల వాళ్ల పేరు ఎవరూ ఎత్తలేదు. రేవులో దెయ్యం ఉందని పుకారు లేచేక వాళ్లకి మరీ హాయి. రాత్రిపూట అటు తొంగిచూసే మనిషే లేడు గదా.

త్రిమూర్తులు గారు చెబుతూనే ఉన్నారు. "పోలీసులు అడిగేరండి, కేక వినబడిందా అని. కామాక్షమ్మ అక్కడే ఉంది, బిడ్డ తల ఒళ్లో పెట్టుకుని. నా మొహంలోకే చూస్తోంది. విన్నాను, దెయ్యమనుకుని పడుకున్నానని ఆ తల్లి ముందు ఎలా చెప్పమంటారు? గాలి ఎదురు కొట్టింది, వినబడలేదన్నాను."

"మరి ఈ పిలుపు..."

"కర్మ అయిన మర్నాటి నుంచీ పిలుస్తోంది. వరదలున్నప్పుడు తప్ప ఏ రోజూ మానలేదు. ఒకసారి రెండు కేకలకే వెళ్దామని కట్టు దాకా వెళ్లేనండి. చేతులు రాలేదు. రెండో కేకకి వెళ్లినవాణ్ణి ఏరు తిరిగి ఇవ్వదని మా నాన్న చెప్పేవాడు. కానీ మూడోది పిలిచిందంటే, నన్ను మన్నించినట్టే. ఆ క్షణం వెళ్తాను. అవతల ఏమున్నా సరే వెళ్తాను. ఆ ఒక్క కేక కోసమే ఇలా కూర్చుంటున్నాను."

వ్యాను హారను వినబడింది. నాగబాబు ఎలా గట్టెక్కేడో వాడికే తెలీదు.

మర్నాడు లంకకి మళ్ళీ వెళ్లక తప్పలేదు. కోసిన గెలలు తోటలో ఉంటే మగ్గిపోతాయి. పగలల్లా పడవ మీద గెలలు దాటించేడు. ఆఖరి పడవ కూలీలతో వెళ్లిపోయింది. తను ఇంకో రైతు తోట చూసి, వెలుతురుండగానే ఒడ్డు నుంచి చెయ్యి ఊపి పడవ పిలవొచ్చని ఆగేడు. ఆ తోట, పక్క తోట, ఆ పక్క తోట... తలెత్తి చూసేసరికి ఆకుల మధ్య చీకటి.

పరుగులాంటి నడకతో రేవుకి వచ్చేడు. పడవ అవతల ఉంది. పాకలో బల్బు వెలుగుతోంది. ఫోను తీస్తే టవరు ఒక్క గడి కూడా లేదు. ఉన్నా లాభం లేదు, త్రిమూర్తులు గారు దుర్గ పోయిన రాత్రి నుంచి ఫోను పట్టుకోవడమే మానేసేరు. ఇంక నోటితో పిలవాల్సిందే.

మూడుసార్లు పిలవాలి, అనుకున్నాడు. గుండె చిక్కబట్టుకుని నోరు తెరిచేడు.

"ఓ... పడవ మావయ్యో..."

అది వాడి గొంతు కాదండి.

పక్కనే. పది అడుగుల దూరంలో.

నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. మెడ తిప్పలేకపోయేడు. ఆ పిలుపు వెనకాల ఇంకో చప్పుడుంది. అవతలి ఒడ్డుకి చేరనిది. ఊపిరి... ఎవరో గొంతులో సన్నగా ఈల వేస్తున్నట్టు... లోపలికి... బయటికి...

ఆంజనేయ దండకం మొదలెట్టేడు. రెండో ముక్క గుర్తు రాలేదు. మళ్ళీ మొదటి ముక్కే అన్నాడు.

"ఓ... పడవ మావయ్యో..."

ఇప్పుడు చూసేడు. చీలమండల లోతు నీళ్లలో తెల్లచీర. కిందికి చూసేడు, పాదాల కోసం. పెద్దలు చెబుతారు గదా, వాటి పాదాలు వెనక్కి ఉంటాయని. నీళ్లలో ఏమీ కనబడలేదు.

ఆ తెల్లచీర ఇటు తిరిగింది.

"ఎవరు బాబూ? గెలల షావుకారా?"

నాగబాబు ఇసకలో కూలబడ్డాడు. కామాక్షమ్మ గారు! మధ్యాహ్నం తోట గట్టు మీద వాడికి మంచినీళ్లిచ్చిన మనిషి. ఆయాసం మనిషి. తల్లీకూతుళ్లది ఒకటే గొంతు.

"మీరా అమ్మా... రోజూ పిలిచేది మీరా?"

"నేనే."

"ఎందుకండీ? ఊరూరంతా హడలి చస్తోంది..."

"వినబడుద్దో లేదో చూద్దారని."

ఆవిడ కోపంగా అనలేదట. పప్పు ఉడికిందో లేదో చూసినంత మామూలుగా అంది.

"ఆ రోజు మంచం మీద ఊపిరాడకుండా పడున్నదాన్ని. నాకు వినబడ్డాయి బాబూ, నా బిడ్డ కేకలు. రెండు. త్రిమూర్తులు అన్నయ్య వినబడలేదన్నాడు. అందుకే అది పిలిచిన వేళకి, అది పిలిచినట్టే రెండు పిలుస్తాను. వినబడి రాలేదా, వినబడక రాలేదా. నాకు అదొక్కటే కావాలి. అది తెలిస్తే పడుకుంటాను."

నాగబాబు అవతలి బల్బు వైపు చూసేడు.

"ఏడాదైంది. ఒక్క రోజూ పడవ కదల్లేదు. నిజంగానే వినబడదేమో అనిపిస్తోంది ఈ మధ్య. అలాగైతే ఎంత బాగుణ్ణు. ఆయన పడవలోనే పెరిగింది అది. మావయ్యా మావయ్యా అని ఒడ్డొచ్చినా దిగేది కాదు. ఆ మనిషి విని ఊరుకున్నాడంటే..." ఈల ఊపిరి అడ్డొచ్చింది. "నిన్న చీకటి పడ్డాక నువ్వు అవతల పాకలోనే ఉన్నావు గదా బాబూ? లైటు కింద కనబడ్డావు. నిజం చెప్పు. వినబడిందా?"

చూడండి ఎలాంటి చోట నిలబెట్టేడో ఆ భగవంతుడు మా నాగబాబుని. అవతలి ఒడ్డున ఆ మడవని వేలు వాడి కళ్లముందే ఉంది. ఇవతల ఈ తల్లి. ఏం చెబుతాడు? మీరైతే ఏం చెబుతారు?

"లేదండి," అన్నాడు. "నేనూ ఆయనా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఏమీ వినబడలేదండి. అమ్మతోడు."

కామాక్షమ్మ గారు తడి ఇసకలోనే కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్విందట.

"ఎంత పాపం మూటగట్టుకున్నానో చూడు. ఏడాది పాటు అన్నయ్యని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. రేవులో ఎదురుపడితే మొహం తిప్పుకున్నాను. రేపు పొద్దున్నే వెళ్తాను బాబూ. మంగ వదిన కాఫీ పెడితే తాగుతాను. ఆ ఇంట్లో కాఫీ తాగి ఏడాదైంది."

"వెళ్లండమ్మా. అలాగే వెళ్లండి." నాగబాబుకి కూడా కళ్లు చెమర్చేయి. అబద్ధమైనా ఇద్దరు మనుషులు రాత్రిళ్లు పడుకుంటారు గదా అనుకున్నాడు. పుణ్యమే చేశాననుకున్నాడు.

"మరి నువ్వెలా దాటతావు?"

"ఇప్పుడు తట్టింది, ఫోను లైటేసి ఊపుతానండి. చూస్తారు."

"ఆయ్, అలా చెయ్యి." ఆవిడ లేచి చీర కుచ్చిళ్లు పిండుకుంది. రెండడుగులు వేసి ఆగింది. "ఇంక ఈ వేళప్పుడు రేవుకి రాను గదా. దుర్గ పిలవకుండా వదిలేసింది ఒకటుంది. ఎటూ ఎవరికీ వినబడదు. దాని బదులు అది కూడా పిలిచేసి పోతాను."

నాగబాబుకి ఆ మాట అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ ఒక్క క్షణమే.

"అమ్మా, వద్దండి —"

"ఓ... పడవ మావయ్యో..."

ముందు రెండింటి లాంటిది కాదండి అది. ఏడాదిగా లోపల పెట్టుకున్న ఊపిరంతా అందులో పోసింది. ఏటి మీదుగా సాగి, సాగి...

ఆ కేక పూర్తి కాలేదు. అవతల గొలుసు గలగలమని జారింది. పాకలో బల్బు ముందు నుంచి ఒక నీడ పరిగెత్తింది. గెడ నీళ్లలో పడ్డ చప్పుడు.

"వస్తన్నానమ్మా! వస్తన్నాను తల్లీ! అక్కడే ఉండు, దిగకు దుర్గా, దిగకు... వస్తన్నాను!"

నాగబాబు కామాక్షమ్మ గారి వైపు చూడలేకపోయేడు. కానీ చూసేడు. ఆవిడ కదలకుండా నిలబడి ఆ గొంతు వింటోంది. చీకట్లో గెడ వేసే చప్పుడు దగ్గర పడుతోంది. ఎంత తొందరగా వస్తోందో. చెయ్యి గెడ మీదే పెట్టుకుని కూర్చున్నవాడు తప్ప అంత తొందరగా రాడు.

"ఎంత బాగా వినబడతందో," అందావిడ.

నాగబాబుని ఏమీ అడగలేదు. అబద్ధం ఎందుకు చెప్పేవనలేదు, తిట్టలేదు. తడిచీర ఈడ్చుకుంటూ అరటితోటలోకి వెళ్లిపోయింది. మనిషి కనబడకుండా పోయినా ఆకుల మధ్య నుంచి ఆ ఈల ఊపిరి చాలాసేపు వినబడుతూనే ఉందట. లోపలికి... బయటికి...

పడవ ఇసకకి తగిలింది. త్రిమూర్తులు గారు మోకాలి లోతు నీళ్లలోకి దూకి ఒడ్డెక్కేరు. నాగబాబుని దాటి అటు చూసేరు, ఇటు చూసేరు.

"ఏదండీ? పిల్ల ఏదండీ?"

"ఎవరూ లేరండి. నేనే పిలిచేను."

"ఆడగొంతండి! దుర్గ గొంతు నాకు తెలీదా?"

నాగబాబు తల వంచుకుని పడవెక్కి కూర్చున్నాడు. త్రిమూర్తులు గారు ఒడ్డునే చాలాసేపు నిలబడి, ఖాళీ ఇసకకి చేతులెత్తి దణ్ణం పెట్టి, మెల్లగా వచ్చి పడవ తోసేరు. ఆ రాత్రి మిషన్లు కూడా లేవు. నీళ్లు కూడా చప్పుడు చెయ్యలేదట.

నడి ఏట్లోకి వచ్చేక గెడ ఆగిపోయింది.

"నాగబాబు గారూ..."

"చెప్పండి."

"మూడోది పిలిచిందండి. మీరూ విన్నారు గదా?"

"విన్నానండి."

ఆయన మొహం చీకట్లో కనబడలేదు. గొంతు మాత్రం చిన్నపిల్లాడి గొంతులా ఉందట.

"అయితే... మన్నించేసినట్టే గదండీ నన్ను?"

నాగబాబు వెనక్కి తిరిగి లంక వైపు చూసేడు. అరటితోటల్లో ఎక్కడా ఒక్క దీపం కూడా లేదు.

"ఆయ్," అన్నాడటండి.